మెటికతో కొట్టి చూసే మనిషి

మొన్న మా బెంగాలీ రైల్వే ఊరి గోల్‌బజార్‌లో పుచ్చకాయలాయన ఒక కాయని చంకనెత్తుకుని, అరచేత్తో రెండు చరుపులు చరిచి, నా చెవి దగ్గరకి తెచ్చాడు. "షునున్ దీదీ, ఏక్‌దమ్ లాల్ హోబే" అన్నాడు, వినండి, ఎర్రగా ఉంటుందని. తెలిసినట్టు తలాడించాను. నిజానికి నాకేమీ తెలియలేదు. నలభై ఏళ్ళు దాటినా, ఎర్రటి కాయ ఎలా మోగుతుందో చప్పటి కాయ ఎలా మోగుతుందో ఇప్పటికీ తెలియదు. అతనికీ తెలియదని నా అనుమానం. కాయ సంచిలో వేసుకుని రిక్షా ఎక్కాక మాత్రం మా పక్క క్వార్టర్ మావయ్య గుర్తొచ్చాడు. ఇల్లు చేరేదాకా ఆయనే మెదిలాడు.

ఆయన పోయి ఏడాది కావస్తోంది. మాకు చుట్టం కాదు. మా అమ్మ ఆయన్ని అన్నయ్యా అంటుంది కాబట్టి నాకు మావయ్య. మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో తక్కినవాళ్ళకి, బెంగాలీ తెలుగు తేడా లేకుండా, ఠక్‌ఠక్ తాత. అసలు పేరు రాయను. బతికుంటే "నా పేరుతో ఏటి పనమ్మా నీకు?" అని నన్ను పైనుంచి కిందికి చూసేవాడు.

స్టేషన్లో రైలు ఆగగానే పొడుగు పిడి సుత్తి పట్టుకుని, ఒక్కొక్క చక్రాన్నీ కొట్టి చూసుకుంటూ పోయే మనుషుల్ని మీరు చూసే ఉంటారు. టీ తాగే హడావిడిలో ఎవరూ వాళ్ళని పట్టించుకోరు. బీట లేని చక్రం ఒక రకంగా పలుకుతుంది, బీట పడింది ఇంకో రకంగా పలుకుతుంది. మావయ్య చేసింది ఆ ఉద్యోగమే. ఎండనక వాననక, ముప్పై ఏళ్ళకి పైగా, వచ్చిన ప్రతి చక్రాన్నీ అనుమానించడానికి ఆయనకి జీతం ఇచ్చారు. రిటైరైన రోజు సుత్తి రైల్వేకి అప్పజెప్పాడు. అనుమానం ఇంటికి తెచ్చుకున్నాడు.

సుత్తి పోయింది కాబట్టి మెటికతో పని కానిచ్చేవాడు. కుడిచేతి నడిమి వేలు వంచి, ఎడమ చెయ్యి వస్తువు మీద ఆనించి, ఠక్‌మని ఒక్కటి కొట్టేవాడు. కళ్ళు మూసుకుని కాసేపు ఆగేవాడు. ఆ కాసేపూ ఎవరూ మాట్లాడకూడదు. ఆ తర్వాత తీర్పు. రెండే తీర్పులు. బాగుంటే "బతికున్నాది." లేకపోతే "సచ్చింది." మధ్యస్థంగా ఏదీ ఉండేది కాదు.

ఎండాకాలం వస్తే పూరీ గేట్ వైపు నుంచి కుండలు తెచ్చుకున్న వాళ్ళంతా ముందు ఆయన గుమ్మంలో దింపేవాళ్ళు. ఆవకాయ రోజుల్లో జాడీలు. పూజలప్పుడు కొబ్బరికాయలు. ఆయన ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి, అయినా మా క్వార్టర్ల లైన్లో వినాయకుడికి కొట్టే కాయలన్నీ ఆయన మెటిక తిన్నవే. పనసకాయలు, పుచ్చకాయలు, గ్యాస్ సిలిండర్లు, పెళ్ళికి అద్దెకి తెచ్చిన కుర్చీలు. ఒకసారి చర్చిలో కొత్త బల్లలు వేస్తే, కూర్చునే ముందు వంగి కాళ్ళన్నీ కొట్టి చూశాడట. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టి, ఆపి, ఆయన లేచేదాకా చూశారట.

మాతో ఒకసారి పలాస దాకా రైల్లో వచ్చాడు. పెట్టెలో అడుగుపెట్టగానే మధ్య బెర్తు గొలుసులు రెండూ కొట్టి చూశాడు. ఎదురు సీటులో ఉన్న ముసలాయన "భయం లేదండీ, గట్టివే" అన్నాడు.

"నువ్వు కొట్టి సూసినావా?" అన్నాడు మావయ్య.

"లేదండీ."

"మరి గట్టివని ఎవులు సెప్పినారు?"

ఆ ముసలాయన లేచి తన వైపు గొలుసు తనే లాగి చూసుకున్నాడు. ఖుర్దా దాటాక ఎవరో బిస్కెట్లు ఇవ్వబోతే మావయ్య పుచ్చుకుని, ప్యాకెట్ మీద ఒకటి కొట్టి, తిరిగి ఇచ్చేశాడు. బిస్కెట్ ప్యాకెట్‌ని కొడితే ఏం తెలుస్తుందని అడిగాను. "ప్యాకెట్టు కాదమ్మా, ఆడి మొకం సూసినాను" అన్నాడు. టీవీలో వంటల కార్యక్రమాలు కూడా ఆయన నమ్మేవాడు కాదు. తినేవాళ్ళు నోట్లో పెట్టుకోకముందే ఆహా అంటున్నారని ఆయన ఫిర్యాదు. పక్క వీధి బెంగాలీ వాళ్ళు సందేశ్ మిఠాయి పంపిస్తే, విరిచి, వాసన చూసి, "పాలు మంచివే" అని వాళ్ళకే సర్టిఫికెట్ ఇచ్చి పంపేవాడు.

ఇదంతా చూసి మా లైన్లో అందరూ మురిసిపోయేవాళ్ళు. నేను మురవలేదు. నాదీ అనుమానపు ఉద్యోగమే. రైల్వే ఆఫీసులో, ఉద్యోగుల కుటుంబాలకిచ్చే ఉచిత ప్రయాణం పాసుల కాగితాలు చూస్తాను. ఎవరు ఎవరిని భార్యగా రాశారు, ఎవరు పెళ్ళైన కూతురిని ఇంకా పిల్లల లెక్కలో చూపించారు, అదీ నా పని. రోజంతా అబద్ధాలు వెతికి ఇంటికొచ్చిన దానికి, పక్కింట్లో ఒకాయన కళ్ళు మూసుకుని తీర్పులు చెబుతుంటే ఊరుకోబుద్ధి కాదు.

మొదట అనుమానం వచ్చింది వాళ్ళ కుక్కర్ వల్ల. ఒకరోజు చక్కెర కోసం వెళ్తే, మావయ్య వంటింటి గుమ్మానికి వీపు ఆనించి పేపరు చదువుకుంటున్నాడు. ఆయన వెనకే కుక్కర్ ప్రాణం పోతున్నట్టు కూస్తోంది. ఆయన రెప్ప కూడా ఆడించలేదు. కోడలు పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి కట్టేసింది. పేపరు పేజీ తిప్పుతూ మావయ్య ఆమెని చూసి, "ఏటి, పరుగెడతన్నావు?" అన్నాడు.

అప్పటినుంచి గమనించడం మొదలుపెట్టాను. వెనకనుంచి పిలిస్తే పలకడు. ముఖం చూస్తే అన్నీ అర్థమవుతాయి. వాళ్ళింట్లో అందరూ ఆయన ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడతారు. టీవీ మా ఇంట్లోకి వినబడేంత గట్టిగా పెడతారు. ఒకసారి ఆయన వెనకాల స్టీలు పళ్ళెం కావాలనే జారవిడిచాను. పిల్లి అదిరిపడి గోడ దూకింది. మావయ్య అదరలేదు.

అంటే చెవుడు. మరి చెవిటివాడికి కుండ మోత ఎలా తెలుస్తుంది? నా లెక్క నాకుంది. ఆయనే చెప్పాడుగా, ఆడి మొకం సూసినానని. కొట్టి కళ్ళు మూసుకున్నట్టు నటించి, సందులోంచి అమ్మేవాడి ముఖం చూస్తున్నాడు. వాడు కంగారు పడితే సచ్చింది, నిబ్బరంగా ఉంటే బతికున్నాది. ఇంత తేలిక విద్యకి ఇంతమంది దాసోహమా అనుకుని నాలో నేనే నవ్వుకున్నాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

అక్కడితో ఊరుకుంటే పోయేది. పైకప్పు సంగతి రాకపోతే ఊరుకునేదాన్నేమో.

మా క్వార్టర్లు పాతవి. వానలకి శ్లాబు నాని పెచ్చులూడతాయి. అంచేత ఏటా వానలకి ముందు మావయ్య వెదురు గెడ ఒకటి పట్టుకుని లైనంతా ఇంటింటికీ వచ్చేవాడు. గెడ కొసతో పైకప్పు అంతా కొట్టి చూసేవాడు. డొల్లగా ఉన్నచోట గెడకి సుద్దముక్క కట్టి సున్నా చుట్టేవాడు. ఇంజనీరింగ్ వాళ్ళు వీలు చూసుకుని వచ్చి, సున్నాలున్న చోట పెచ్చు రాల్చి సిమెంటు పూసిపోయేవాళ్ళు. వాళ్ళ వీలు అంటే నెల కావచ్చు, రెండు నెలలు కావచ్చు. ఈలోగా సున్నా కింద ఎవరూ కూర్చోకూడదని మావయ్య ఆజ్ఞ.

ఆ ఏడు మా ఇంట్లో సున్నా సరిగ్గా కిటికీ పక్క మంచం మీద పడింది.

అది మా అమ్మ పగటి మంచం. మోకాళ్ళు పోయి అమ్మ బయటికి వెళ్ళడం మానేసి మూడేళ్ళయింది. పొద్దున్న నేను ఆఫీసుకి వెళ్ళేముందు ఆ మంచం మీద కూర్చోబెడితే, సాయంత్రం దాకా ఆ కిటికీయే ఆవిడ సినిమా హాలు. కూరల బండివాడి బేరాలు, కుళాయి దగ్గర తగాదాలు, ఎవరు కొత్త సైకిలు కొన్నారు, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు, అన్నీ సాయంత్రం నాకు వరసగా చెప్పేది. మంచం జరపాలంటే ఉన్నది వెనక గోడ వైపే. అక్కడినుంచి కనబడేది బీరువా ఒక్కటే.

"సెల్లీ, మంచం జరిపించీసుకో. ఇది సచ్చింది" అన్నాడు మావయ్య.

"అలాగే అన్నయ్యా" అంది అమ్మ.

నేను పైకి చూశాను. సున్నం నిగనిగలాడుతోంది. సన్నని బీట కూడా లేదు. ఇక్కడ ఏ అమ్మేవాడి ముఖం చూసి చెప్పాడు ఈయన? చెవిటి మనిషి ఊహకి మా అమ్మ బీరువా చూస్తూ రెండు నెలలు గడపాలా? నాకు ఒళ్ళు మండింది. ఆయన వట్టి దగా అని అందరి ముందూ తేల్చేయాలనుకున్నాను. అమ్మ కోసమే అనుకున్నాను. నా తెలివి నలుగురికీ చూపించుకోవాలన్న సరదా కూడా ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆదివారం. చర్చి నుంచి వచ్చినవాళ్ళు, రానివాళ్ళు, ఓ పదిమంది మా వరండాలో ఉన్నారు. ఆవకాయ జాడీలు వరసగా ఉన్నాయి. మావయ్య మెటిక నడుస్తోంది. నేను లోపలినుంచి రెండు జాడీలు తెచ్చాను. ఒకదానికి అడుగున వెంట్రుకంత బీట ఉందని నాకు తెలుసు, కిందటేడు ఊట కారితే కనిపెట్టాను.

"మావయ్యా, ఈసారి మీరు ముట్టుకోకండి. కళ్ళు గట్టిగా మూసుకోండి. నేను కొడతాను, మీరు చెప్పండి" అన్నాను, ఎదురుగా నిలబడి.

"పరీచ్చా?" అని నవ్వాడు. బాగా సరదాపడ్డాడు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చూపు ఆనకుండా ఉండాలని ఆయన తుండుగుడ్డ ఆయనకే కళ్ళకి కట్టాను.

మంచి జాడీని కొట్టాను. ఇంకోసారి కొట్టాను. బీట జాడీని కొట్టాను. ఆయన తల కొంచెం వంచి, నవ్వుముఖంతోనే కూర్చున్నాడు. ఇంకా గట్టిగా కొట్టాను. నా మెటిక నొప్పెట్టింది.

"కొట్టమ్మా మరి. ఎంతసేపు?" అన్నాడు.

వరండాలో ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. నవ్వులు కూడా ఆయనకి వినబడలేదు. ఆలస్యమవుతోందని తనే తుండుగుడ్డ కిందికి లాగి చూశాడు. నవ్వుతున్న ముఖాలన్నీ కనబడ్డాయి. జాడీ మీద నా చెయ్యి కనబడింది.

"కొట్టీసినావా?" అని అడిగాడు.

నేను తలూపాను. ఆయన కోడలు, నేను అక్కా అని పిలిచే మనిషి, నోరు తెరిచి ఏదో అనబోయి ఆగిపోయింది. మావయ్య ఆమె వంక చూశాడు, మళ్ళీ నా వంక చూశాడు. తుండుగుడ్డ భుజాన వేసుకుని మెట్లు దిగి ఇంటికి వెళ్ళిపోయాడు. వరసలో ఇంకా నాలుగు జాడీలు మిగిలాయి.

"నీ కడుపు చల్లబడిందా?" అంది అమ్మ ఆ సాయంత్రం. మూడు రోజులు నాకు కిటికీ కబుర్లు చెప్పలేదు. నేను మంచం జరపలేదు. పైన సున్నాని తడిగుడ్డతో తుడిచేశాను.

ఆ తర్వాత మావయ్య ఎవరి గుమ్మమూ తొక్కలేదు. జాడీలు, కాయలు ఆయన దగ్గరికి రావడమూ ఆగిపోయింది. పేపరు పట్టుకుని కూర్చునేవాడు గానీ పేజీలు తిరిగేవి కావు. నన్ను చూస్తే పలకరించేవాడు. అది ఇంకా కష్టంగా ఉండేది.

వానలు పడ్డాయి. రెండు వారాలు తిరగకుండా, ఒక మధ్యాహ్నం, ఆఫీసులో ఉండగా అక్క ఫోన్ చేసింది. "సెల్లీ, మీ కిటికీ కాడ పెచ్చు ఊడిపడిపోనాది. బేగి రా" అంది. అమ్మ ఎలా ఉందని కూడా అడగకుండా ఫోన్ పెట్టేశాను. గొడుగు మరిచిపోయి పరుగెత్తాను.

గదిలో కిటికీ పక్కన నేలంతా ముక్కలు. ఒక్కొక్కటి వంటింటి పీటంత ఉంది. మంచం అక్కడ లేదు. వెనక గోడ వైపు, బీరువా పక్కన ఉంది. దాని మీద అమ్మ నిక్షేపంగా కూర్చుని మజ్జిగ తాగుతోంది.

సంగతేమిటంటే, నేను ఆఫీసుకి వెళ్ళగానే రోజూ అక్క వచ్చి మంచాన్ని గోడవైపు లాగుతోంది. నేను వచ్చే వేళకి మళ్ళీ కిటికీ దగ్గరికి తోసేస్తోంది. సాయంత్రాలు అమ్మ నాకు చెప్పిన వీధి కబుర్లన్నీ అక్క నోట విని చెప్పినవే. నేను కనిపెట్టలేదు. పాసుల కాగితాల్లో అబద్ధాలు పట్టేదాన్ని, ఇంట్లో అబద్ధం పట్టలేకపోయాను.

"అన్నయ్య సచ్చిందని సెప్పినాక ఆ కింద నేను కూసుంటానా?" అంది అమ్మ. కోపం వస్తే ఆవిడ మాట శ్రీకాకుళం వెళ్ళిపోతుంది.

పెచ్చులు ఎత్తుతూ అక్కని అడిగాను, వినబడని మనిషికి ఎలా తెలిసిందని.

"ఇనబడక్కర్నేదే. యార్డులో నాలుగింజన్లు గోల పెడతంటే సుత్తి సప్పుడు ఎవులికి ఇనబడతాది? దెబ్బ సేతికి తెలుస్తాది. సెయ్యి ఆనించి కొడతాడు, నువ్వు సూడనేదా? రిటైరైపోయినాక సెవి కొంచెం కొంచెం పోనాది. సెయ్యి పోనేదు. సెయ్యి సెప్పిందాన్ని సెవి సెప్పిందనుకునేవోడు మా మావ. తనకి ఇనబడతందనే అనుకునేవోడు. సెవుడని మేమెవులం ఎప్పుడూ అననేదు. ఎందుకనాలి? పని జరుగుతంది గదా."

"మరి ఆరోజు చెప్పలేకపోయావా అక్కా, చెయ్యి ఆనించనివ్వమని?"

"ఎలగ సెప్పీది? మావ మొకం మీద, నీకు సెవుడు మావా, అని సెప్పాలా?"

నేను వెతుకుతున్నది దగా. నాకు దొరికింది ఒక మనిషి తన గురించి తాను నమ్ముకున్న మాట. దాన్ని పదిమంది ముందు పగలగొట్టాను. సిగ్గుతో చచ్చిపోయాను.

వెంటనే వాళ్ళింటికి వెళ్ళాను. మావయ్య వరండాలో ఉన్నాడు. వాన కొంచెం తెరిపిచ్చింది, లైన్లో జనం బయట ఉన్నారు. ఎదురుగా నిలబడి, "మావయ్యా, తప్పు నాది. మీరు చెప్పిందే నిజం" అన్నాను.

"ఏటి?" అన్నాడు.

మళ్ళీ చెప్పాను.

"సెవుటోడిని గదమ్మా. గట్టిగా సెప్పు."

నిష్ఠూరమో, నిజంగా అర్థం కాలేదో తెలియలేదు. నా పెదాలు చూసి ఎన్నో మాటలు పట్టుకున్న మనిషి. అయినా అరిచాను. లైన్లో అన్ని గుమ్మాలూ ఇటు తిరిగేలా అరిచాను. మా ఇంటి పెచ్చు ఊడిందని, మావయ్య గీసిన చోటే ఊడిందని, నేను తెలివితక్కువదాన్నని. ఆయన నా పెదాలే చూస్తూ, అంతా అయ్యాక, "అమ్మకి దెబ్బ తగలనేదు గదా? అది సాలు" అని నా తల మీద చెయ్యి వేశాడు. తేలికపడి ఇంటికొచ్చాను. అంతా సర్దుకుందనే అనుకున్నాను.

మర్నాటినుంచి జనం మళ్ళీ కాయలు, కుండలు పట్టుకుని వెళ్ళారు. అందరికీ ఆయన మీద మునుపటి కన్నా గురి ఎక్కువైంది. ఆయన మాత్రం ఏదో పని ఉందనేవాడు, వేలు నొప్పి అనేవాడు, రేపు రమ్మనేవాడు. ఆ రేపు రాలేదు.

తర్వాతి ఏడు, వానలకి ముందు, వెదురు గెడ నేనే వెతికి పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. రానంటే రానన్నాడు. అమ్మ రమ్మంటోందని చెప్పాను. సెల్లి మాట తీసెయ్యలేక వచ్చాడు.

అమ్మని గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాను. కొత్తగా పూసిన సిమెంటు కింద మావయ్య నిలబడి గెడ పైకెత్తాడు. ఠక్‌మని కొట్టాడు. ఆగాడు. కళ్ళు మూసుకోలేదు. మళ్ళీ కొట్టాడు. తల వంచి, చెవి గెడకి దగ్గరగా పెట్టి, ఎంతో కష్టపడి వినాలని చూస్తున్నాడు. చెయ్యి మీద ఆయనకి ధ్యాసే లేదు. మూడోసారి కొట్టి, గెడ దించి, నా వైపు తిరిగాడు.

"నువ్వు సెప్పమ్మా. నీకు ఇనబడతాది గదా. బతికున్నాదా?"

నాకేం తెలుసు? పుచ్చకాయకీ కుండకీ తేడా తెలియనిదాన్ని. ఆ సంగతి చెబితే ఆయన మళ్ళీ ఆ గెడ ముట్టుకోడని భయమేసింది. పెదాలు బాగా కనబడేలా, గట్టిగా, "బతికే ఉంది మావయ్యా" అన్నాను.

ఇంకోసారి కొట్టి చూస్తాడని ఎదురుచూశాను. నువ్వు కొట్టి సూసినావా అని నిలదీస్తాడని, పోనీ నా ముఖం వంక ఒక్కసారి అనుమానంగా చూస్తాడని ఎదురుచూశాను. ముప్పై ఏళ్ళు ఇనప చక్రాన్ని కూడా కొట్టి చూడందే నమ్మని మనిషి, "నువ్వు సెప్తన్నావు గదా, అయితే సరే" అన్నాడు. గెడ నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు.